నెల్లూరు పొగతోటలో ఫిజియోథెరపీ సెంటర్, డ్యూటీ కాళ్ళకి 4 స్టార్లు

నేను కానిస్టేబుల్‌ని, ఇది ముఖ్యంగా మన డిపార్ట్‌మెంట్ వాళ్ళ కోసం రాస్తుండా. రొట్టెల పండగ బందోబస్తు అయిపోయినాక కుడి మడమ నేల మీద ఆనితే ప్రాణం పోయేది, పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులైతే నరకం, దానికి తోడు నడుం, మెడ. స్వర్ణాల చెరువు గట్టున లక్షల జనం మధ్య బూట్లు విప్పకుండా నిలబడితే ఇంకేమవుద్ది. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కొని మింగతా ఉంటే, మా హెడ్డు గారు ఈ సెంటర్‌కి పొమ్మన్నారు.

ఇక్కడ నాకు నచ్చింది ఏందంటే ఫిజియో సారు మిషన్ పెట్టకముందే డ్యూటీ గురించి అడిగినాడు. బెల్టు ఎన్ని గంటలు ఉంటది, బైక్ మీద ఎంతసేపు, నైట్ బీట్ అయినాక ఎప్పుడు పడుకుంటారు, కోపం వస్తే పళ్ళు బిగబడతారా అని కూడా అడిగినాడు! అవును సార్ అన్నా, మరి పై ఆఫీసర్ మీద ఇంకేం చెయ్యగలం. టెన్షన్‌లో భుజాలు మనకి తెలీకుండానే పైకి బిగుసుకుంటాయంట, నిద్ర తక్కువైతే అదే నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తదంట. మడమది ప్లాంటార్ ఫాసియైటిస్, అరికాలి కింద పట్టీ రాత్రంతా ముడుచుకొని ఉండి పొద్దున అడుగు వెయ్యంగానే లాగుద్ది, అందుకే ఆ మొదటి అడుగుల నొప్పి.

2019లో కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ, సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ కలిసి ఇచ్చిన రిపోర్ట్‌లో పోలీసోళ్ళు సగటున రోజుకి 14 గంటలు పని చేస్తారని రాసినారు, అదే ఏడాది మన రాష్ట్రంలో వీక్లీ ఆఫ్ కూడా అన్నారు, ఆ ఆఫ్ సంగతి మీకు నేను చెప్పాల్నా.

సారు ముందు గంటకోసారి పది నిమిషాలు కూర్చోండి అన్నాడు. నవ్వొచ్చింది. వీఐపీ రూట్‌లో కూర్చుంటే రౌండ్స్‌కి వచ్చినాయన మెమో ఇచ్చిపోతాడు సార్ అని చెప్తే, అప్పుడు ఇంకో దారి చెప్పినాడు: నిలబడిన చోటే మడమలు లేపి దించడం, ఒక కాలు డివైడర్ రాయి మీద పెట్టి మార్చుకుంటా ఉండటం. పిక్క కండరం కదిలితేనే కాళ్ళలో రక్తం పైకి పోతదంట, కదలకుండా నిలబడితే కిందే ఆగి నరాలు ఉబ్బుతాయంట. ఇంట్లో అయితే గోడకి చేతులు పెట్టి పిక్కలు సాగదియ్యడం, ఐసు గడ్డకట్టిన నీళ్ళ బాటిల్ అరికాలి కింద దొర్లించడం. ఆ బాటిల్ చూసి మా ఆవిడ ఫ్రిజ్‌లో మందు పెట్టినావా అని గొడవ, అది వేరే కథ. మడమ మాత్రం బాగా తగ్గింది, నడుం సగం, మెడ అయితే స్టేషన్‌కి పోంగానే మళ్ళీ అంతే.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే టైమింగ్స్. సాయంత్రం తొందరగా మూసేస్తారు, ఆదివారం ఉండరు, ఫోన్ చేస్తే ఎత్తరు, బందోబస్తు పడి అపాయింట్‌మెంట్ మిస్సయితే మళ్ళీ లైన్‌లో మొదట్నుంచి. కరెంటు మిషన్ ఒకటే ఉండాది, ముసలోళ్ళు ముందుంటే గంట పట్టుద్ది. సిట్టింగ్‌కి 300 తీసుకున్నారు, చేతి డబ్బులే.

పార్కింగ్ లేదు, బండి పక్క సందులో పెట్టుకోండి. పాత ఎక్స్‌రేలు ఉంటే తీసుకెళ్ళండి, మళ్ళీ తీయించమనరు. డ్యూటీ బూట్లు కూడా పట్టుకెళ్ళి చూపించండి, నా వాటిలో అడుగు అరిగిపోయిన సంగతి ఆయనే పట్టుకున్నాడు.