అలెగ్జాండ్రియా: ఇబ్న్ జుబైర్ తిట్టిన సుంకం, మా మావయ్యగారు చదివిన బిల్లు

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వెళ్లేవాళ్లకి నా మొదటి సలహా ఇది. 'సీ వ్యూ' అని రాసిన గదికి డబ్బు కట్టేముందు, ఆ గది కిటికీలోంచి తీసిన ఫొటో పంపమనండి. డాబా మీంచి తీసింది కాదు, గదిలోంచి తీసింది. మేం అడగలేదు. మూడు రాత్రులూ మాకు దక్కిన సముద్రమల్లా, బాత్రూంలో బకెట్ బోర్లించి దాని మీదకెక్కితే రెండు మేడల మధ్య కనిపించే జానెడు నీలం గీత. గది అసలు కిటికీ తెరిస్తే కింద వంటగది పొగగొట్టం. తెల్లవారుజామున నాలుగింటికే ఉల్లిపాయల వేపుడు వాసన.

హోటల్ పేరు రాయను. సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు పొడవునా ఇలాంటి పాత మేడలు బోలెడు, కింద కాఫీ హోటల్, పైన లాడ్జి. రాత్రికి 1,800 ఈజిప్షియన్ పౌండ్లు అన్నారు. మేం వెళ్లినప్పుడు ఒక పౌండు మన డబ్బులో సుమారు రూపాయి డెబ్భై పైసలు. మూడు మంచాల గది అంటే చవకే అనుకున్నాం. మా ఆవిడకి మొదటి రాత్రే మూడ్ పోయింది. మా మావయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. ఆయన విశాఖ పోర్టులో కస్టమ్స్ సూపరింటెండెంట్‌గా రిటైరైన మనిషి. ఏమీ అనకపోతే లెక్క రాసుకుంటున్నారని అర్థం.

నిజానికి ఈ ఊరు రావాలని పట్టుబట్టింది ఆయనే. కైరో, పిరమిడ్లు, లక్సర్ అన్నీ మా ఆవిడ లిస్టు. అవన్నీ బాగానే జరిగాయి, రాయడానికేం లేదు. కైరో నుంచి రైలు మూడు గంటల లోపే తెచ్చి దింపింది, అదీ బాగుంది. స్టేషన్ బయట టాక్సీవాడు రెండు కిలోమీటర్లకి 300 అడిగితే 150 ఇచ్చాం. తిరుగు ప్రయాణంలో యాప్‌లో బుక్ చేస్తే అదే దూరం 48 పడింది. ఇక్కడ నలుపు పసుపు టాక్సీ ఎక్కేముందు బేరం ఆడకపోతే తప్పు మనదే.

మావయ్యగారిది ఘంటసాల పక్క ఊరు. రెండో శతాబ్దంలో ఈ అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళం రాసిన టాలెమీ, మైసోలియా అనే తీరంలో కొంటకొస్సుల అనే రేవు ఉందని రాశాడు. మైసోలియా అంటే మన కృష్ణా తీరమే, కొంటకొస్సుల అంటే ఘంటసాల అని చరిత్రకారులు చెబుతారు. శాసనాల్లో ఆ ఊరి పేరు కంటకసోల. "మా ఊరి పేరు రాసినవాడి ఊరు చూడొద్దా?" అన్నది ఆయన వాదన. దానికి ఎవరం ఎదురు చెప్పలేకపోయాం.

మొదటిరోజు పొద్దున కైత్‌బే కోట. 1477లో మమ్లూకు సుల్తాను కైత్‌బే, కూలిపోయిన పాత దీపస్తంభం (లైట్‌హౌస్) ఉన్న చోటే దీన్ని మొదలుపెట్టాడు. ఆ దీపస్తంభం క్రీ.పూ. మూడో శతాబ్దిలో రెండో టాలెమీ కాలంలో పూర్తయింది. (భూగోళం టాలెమీ వేరు, ఈ రాజు టాలెమీ వేరు. మా ఆవిడ మూడుసార్లు అడిగింది.) ఇక్కడ మావయ్యగారు తన రెండో అస్త్రం తీశారు. అశోకుడి 13వ శాసనంలో తురమయ అనే రాజు పేరు వస్తుంది, అతను ఈ రెండో టాలెమీయే. అశోకుడి పెద్ద శాసనాల వరస మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. "పత్తికొండ దారిలో బండ మీద ఉన్న రాజు కట్టించిన దీపం ఇక్కడ ఉండేదన్నమాట" అని ఆయన గోడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. గార్డు వచ్చి గోడ ముట్టుకోవద్దన్నాడు. అరుస్తాడేమో అనుకున్నాం, నవ్వుతూనే చెప్పాడు.

టికెట్ కౌంటర్లో నోట్లు తీసుకోలేదు, కార్డే కావాలన్నారు. చేతిలో ఒకటికి రెండు కార్డులు ఉంచుకోండి. నాది పనిచెయ్యలేదు, మావయ్యగారిది పనిచేసింది. ఆ సంగతి ఆయన రోజంతా గుర్తుచేశారు.

కోట గోడ మీద గాలి మనిషిని తోసేస్తుంది. 1326లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా వచ్చినప్పుడు దీపస్తంభం ఒక పక్క కూలి ఉంది, అయినా లోపలికి వెళ్లి కొలతలు రాసుకున్నాడు. 1349లో మళ్లీ వచ్చేసరికి తలుపు దాకా కూడా వెళ్లలేనంత పాడైపోయిందట. ఒకే మనిషి ఒకే కట్టడాన్ని ఇరవైమూడేళ్ల తేడాలో రెండుసార్లు చూసి రాయడం నాకు పుస్తకాల్లో ఎప్పుడూ ఇంత దగ్గరగా అనిపించలేదు. 1994లో డైవర్లు ఈ గోడల కిందే నీళ్లలో పెద్ద పెద్ద రాతిదిమ్మలు, విగ్రహాలు చూశారు, తర్వాత కొన్నిటిని పైకి తీశారు.

పాంపే స్తంభం దగ్గర గంట గడిపాం, అరగంట చాలు. పేరు రోమన్ సేనాని పాంపేది, నిలబెట్టింది రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కోసం. ఎర్ర గ్రానైటుది, పీఠంతో కలిపి దాదాపు 27 మీటర్లు. ఒక విలుకాడు తాడు కట్టిన బాణాన్ని దాని మీదుగా వేసి ఆ తాడు పట్టుకుని పైకెక్కాడని ఇబ్న్ బతూతా పుస్తకంలో ఉంది. చుట్టూ నీడ లేదు, మంచినీళ్లు లేవు. కోమ్ అల్ షుకాఫా భూగర్భ సమాధులు మాత్రం వదలకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెట్లు కష్టం, మావయ్యగారు పైనే కూర్చున్నారు.

రెండో రోజు సాయంత్రం కార్నిష్ మీద టీ తాగుతూ పన్నెండో శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ జుబైర్ కథ మొదలైంది. స్పెయిన్‌లోని గ్రెనడా నుంచి హజ్‌కి బయల్దేరి, జెనోవావాళ్ల ఓడలో నెల రోజులు ప్రయాణం చేసి, 1183 మార్చి చివర ఈ రేవులో దిగాడు. మేం వెళ్లింది కూడా మార్చిలోనే. ఓడ ఆగగానే సుల్తాను తరఫు మనుషులు ఎక్కి ప్రతివాళ్ల పేరు, ఊరు, సరుకు, డబ్బు రాసుకున్నారు. ఏడాది పాటు చేతిలో ఉన్న సొమ్ముకే జకాత్ (ముస్లింలు మతం ప్రకారం కట్టాల్సిన దానం) పడుతుంది కదా, ఆ సంగతి అడగకుండానే అందరి దగ్గరా వసూలు చేశారు. చాలామంది దగ్గర దారి తిండికి తప్ప ఏమీ లేదు. సుంకం ఇంట్లో జనం కిక్కిరిసిపోయి, సామాన్లు కలగాపులగమై, నడుముల్లో చేతులు పెట్టి మరీ వెతికి, ఇంకేమీ దాచలేదని ప్రమాణాలు చేయించారట. ఆ తోపులాటలో ఎన్నో వస్తువులు మాయం. సుల్తాను సలాహుద్దీన్‌కి తెలిస్తే ఇలా జరగనివ్వడని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు పాపం. మళ్లీ అదే మనిషి ఊరి వీధుల వెడల్పునీ, దూరదేశాల నుంచి వచ్చినవాళ్లకి కట్టిన ఆసుపత్రినీ నోరారా పొగిడాడు.

నేను చదివి వినిపిస్తుంటే మావయ్యగారి ముఖం మారింది. "డిక్లరేషన్ రాయించడం కరెక్ట్ ప్రొసీజరే. అది లేకపోతే డ్యూటీ ఎలా వేస్తారు?" అన్నారు. మా ఆవిడ ఊరుకోలేదు. "నడుంలో చెయ్యి పెట్టడం కూడా ప్రొసీజరేనా నాన్నా?" ఆయన టీ తాగడం ఆపి ఆలోచించారు. "అది తప్పే. అసెస్‌మెంట్ చెయ్యకుండా పన్ను వెయ్యడం ఇంకా తప్పు." ముప్ఫై ఆరేళ్ల సర్వీసు తర్వాత ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారని మా ఆవిడ నా చెవిలో అంది.

ఆ రాత్రి భోజనం గురించి చెప్పాలి. అన్ఫూషీ అనే పేటలో చేపల హోటల్. ఐసు మీద పరిచిన చేపల్లోంచి మనమే ఏరుకుని తూకం వేయించుకోవాలి. తూకం ముందు నిలబడండి, కాటా కళ్లతో చూడండి. కిలో 420 చొప్పున కిలోన్నర, 630 పౌండ్లు. కాల్చిన చేప, పక్కన సయాదియా అని ఉల్లిపాయలు మాడేదాకా వేయించి వండిన గోధుమరంగు అన్నం, నువ్వుల పచ్చడి, ఊరగాయ ముక్కలు. అన్నీ కలిపి 905 అయింది. మావయ్యగారు హైదరాబాద్ నుంచి ఆవకాయ పొట్లం మోసుకొచ్చారు గానీ అది తెరవకుండానే రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. మా ఆవిడ శాకాహారి. పొద్దున ఎనభై పౌండ్లకి తిన్న తామియానే ఆవిడకి విందు. బాకలా అనే ఒక రకం చిక్కుడు గింజల పిండితో వేసే ఈ వడలు మన మసాలావడకి పినతల్లి కూతుళ్లు.

ఇక మూడో రోజు, బిల్లు. మూడు రాత్రులకి 5,400 అనుకుంటే కాగితం మీద 8,395 వేశారు. రిసెప్షన్ కుర్రాడు ట్యాక్స్ అన్నాడు. మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పన్నెండు శాతం సర్వీసు, 648. ఆ మొత్తం మీద పద్నాలుగు శాతం వ్యాట్, 846 చిల్లర. ఇవి ఈ దేశపు రూలే, ఒప్పుకున్నారు. అప్పటికి 6,895. మిగతా 1,500 ఏమిటి? సీ వ్యూకి రాత్రికి 300 చొప్పున 900, పాస్‌పోర్ట్ నమోదుకి మనిషికి 200 చొప్పున 600.

"సముద్రం చూపించండి, కడతాను" అన్నారు మావయ్యగారు, ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా. కుర్రాడు మేనేజర్ని పిలిచాడు. మేనేజర్ మా గదికి వచ్చి కిటికీ తీశాడు. పొగగొట్టం. బాత్రూంలోకి తీసుకెళ్లి బకెట్ బోర్లించి ఎక్కమన్నారు. ఎక్కాడు కూడా! నేను నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాను. నమోదు ఫీజుకి రసీదు నంబర్ అడిగితే అలాంటిదేం లేదు, ఆ 600 అక్కడే కొట్టేశారు. సీ వ్యూ డబ్బు సగం చేశారు. చివరికి 7,345 కట్టాం. నాకైతే ఆ 450 కూడా మంటే, కానీ రైలు టైం అయిపోతోంది.

రైల్లో మావయ్యగారికి ముజిరిస్ పాపిరస్ సంగతి చెప్పాను. రెండో శతాబ్దంలో, రోమన్లు ఈ దేశాన్ని ఏలుతున్నప్పుడు, కేరళ తీరంలోని ముజిరిస్ రేవు నుంచి వచ్చే సరుకు మీద రాసుకున్న అప్పు పత్రం అది, ఇప్పుడు వియన్నాలో ఉంది. సరుకు ఒంటెల మీద ఎడారి దాటి, నైలు మీద పడవల్లో అలెగ్జాండ్రియా సుంకం గిడ్డంగికి చేరాలి, అక్కడ నాలుగో వంతు పన్ను. కాగితం రెండో వైపు హెర్మపోలాన్ అనే ఓడలో వచ్చిన జటామాంసి, ఏనుగు దంతాల లెక్కలు ఉన్నాయి.

ఆయన జేబులోంచి హోటల్ బిల్లు తీసి వెనక్కి తిప్పారు. రిసెప్షన్లో తను వేసిన కూడికలన్నీ అక్కడే ఉన్నాయి. పెన్ను తీసి ఇంకో లైను రాసి నాకు చూపించారు: సర్వీసు, వ్యాట్ కలిపి 27.68 శాతం.

"రోమన్లు నయం అల్లుడుగారూ" అన్నారు.