ముందు డిఫరెన్షియల్ లేని ఫోర్ వీల్ డ్రైవ్: చేత్తో మార్చిన బగ్గీ, చాలాకాలం వాడాక

టూ వీల్ డ్రైవ్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) బగ్గీని ఫోర్ వీల్‌కి మార్చాలనుకున్నవాళ్లలో చాలామంది ముందు చక్రాల డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) దగ్గరే చతికిలబడతారు. అసలు దాన్ని చేయక్కర్లేదు. ఆ చోట ఒక పుల్లీ, దాని హబ్బులో చక్రానికొకటి చొప్పున రెండు వన్-వే బేరింగులు (ఒక వైపు పట్టి, రెండో వైపు వదిలేసేవి) ఉంటే పని జరిగిపోతుంది. ఇంత వాడాక కూడా ఈ మార్పు మొత్తంలో ముద్దొచ్చే ముక్క ఇదే.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కదా, దాని వన్-వే వదిలేస్తుంది. లోపలి చక్రం లాగుతుంది. తిన్నగా వెళ్లేటప్పుడు వెనక చక్రాలు కాస్త జారగానే ముందువి రెండూ అందుకుంటాయి. గేర్లు లేవు, బంతులు లేవు, డిఫ్ నూనె గొడవ లేదు.

వాడింది హెచ్‌ఎఫ్0612 రకం: లోపల 6, బయట 10, పొడవు 12 మి.మీ. ఇలాంటివి రెండు పక్కపక్కన పట్టేలా 24 మి.మీ. పొడవు అల్యూమినియం హబ్బు, దాని మీద 39 పళ్ల పుల్లీ. ప్లాస్టిక్ హబ్బు వద్దు, బిగువు నిలవదు. ఈ బేరింగు తిరుగుడును పట్టుకుంటుందే తప్ప బరువు మోయదు. అందుకని రెండు పక్కలా షాఫ్టుకి మామూలు బాల్ బేరింగులు తప్పనిసరి. బేరింగు అంచు మీద ముద్ర ఉంటుంది. రెండింటి ముద్రలూ బండికి ఒకే పక్కకి ఉండాలి. చూడ్డానికి బాగుంటుందని రెండూ బయటికి పెట్టి కొడితే ఒక చక్రం ముందుకు లాగుతుంది, రెండోది రివర్స్‌లో మాత్రమే లాగుతుంది. షాఫ్టు గట్టిపరిచిన ఉక్కే కావాలి. మెత్తని కడ్డీ అయితే రోలర్లు గాడి పెట్టేస్తాయి, ఆ తర్వాత పట్టు జారడం మొదలవుతుంది. గట్టి షాఫ్టుకి మామూలు డ్రిల్ బిట్ దిగదు కాబట్టి గ్రైండర్‌తో చిన్న చదును తీసి, డ్రైవ్ కప్పును (చక్రానికి వెళ్లే ఇరుసును పట్టే కప్పు) ఎం4 గ్రబ్ స్క్రూతో (తల లేని స్క్రూ), థ్రెడ్‌లాక్ జిగురు వేసి బిగించడం సులువు.

ఈ పుల్లీకి డ్రైవ్‌ని వెనక గేర్‌బాక్స్ టాప్ షాఫ్ట్ (మోటారు తిప్పే పై ఇరుసు) మీద వేసిన ఇంకో చిన్న పుల్లీ నుంచి బెల్టుతో తీసుకోవాలి. మూడు గేర్ల పెట్టెలో టాప్ షాఫ్టూ చక్రాలూ ఒకే వైపు తిరుగుతాయి. మధ్య గేరు నుంచి తీస్తే ముందు చక్రాలు వెనక్కి తిరుగుతాయి. ఆ చిన్న పుల్లీ స్లిప్పర్ క్లచ్ (బలం మరీ ఎక్కువైతే జారి గేర్లను కాపాడేది) తర్వాత ఉండాలి, లేకపోతే ముందుభాగానికి ఆ రక్షణ అందదు. గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తి 2.6:1 అయితే వెనక పుల్లీకి 15, ముందుదానికి 39 పళ్లు అచ్చంగా సరిపోతాయి. 3 మి.మీ. పిచ్ (పంటికీ పంటికీ మధ్య దూరం) బెల్టుతో, పుల్లీల మధ్య 250 మి.మీ. దూరానికి 194 పళ్ల బెల్టు పడుతుంది. మొదట బెల్టు ఏ పొడవులో దొరుకుతుందో చూసుకుని, ఆ లెక్కన ముందు హౌసింగ్‌కి రంధ్రాలు వేయండి. ముందు టైరు వ్యాసం వెనకదానికంటే 1–2 మి.మీ. తక్కువుంటే మంచిది. ఎక్కువైతే ముందు చక్రాలు ఎప్పుడూ గుంజుతూ బెల్టునీ టైర్లనీ అరగదీస్తాయి.

నకిళ్ల (ముందు చక్రాలను మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే ముక్కలు) గురించి పెద్దగా చెప్పేదేం లేదు: లోపల 10×15×4, బయట 5×10×4 బేరింగులు, యూనివర్సల్ జాయింటు పిన్ను సరిగ్గా కింగ్‌పిన్ (నకిలు తిరిగే ఇరుసు) గీత మీద ఉండాలి, 25 డిగ్రీల చుట్టూ ఉండే కాస్టర్‌ని (కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం) 15కి దించాలి.

అసలు ఏడిపించింది బెల్టు. ర్యాంపు దిగగానే ‘కరకర’ మంటూ పళ్లు దాటేయడం, అది కూడా థ్రాటిల్ నొక్కి దిగితేనే. థ్రాటిల్ వదిలి దిగితే వన్-వే ముందు చక్రాలను వదిలేస్తుంది గనక చప్పుడే ఉండదు. బెల్టు వదులైందనుకుని బిగిస్తే మోటారు కాలుతుంది, పుల్లీ పక్కనున్న టాప్ షాఫ్ట్ బేరింగు ఆడటం మొదలెడుతుంది, పళ్లు దాటడం మాత్రం ఆగదు. తప్పు బెల్టుది కాదు, ఛాసిస్‌ది (బండి అడుగు పలక). బండిని ముందూ వెనకా రెండు చెక్కముక్కల మీద ఆనించి, నడుమ బొటనవేలితో నొక్కి చూడండి, బెల్టు పైవరస కళ్లముందే వేలాడిపోతుంది. ఛాసిస్ నడుమ 2 మి.మీ. దిగితే, 25 మి.మీ. ఎత్తులో ఉన్న పుల్లీలు దాదాపు 1.6 మి.మీ. దగ్గరవుతాయి. అంటే బెల్టుకి 3 మి.మీ. పైగా వదులు వచ్చినట్టే. పంటి ఎత్తు సుమారు 1.2 మి.మీ., చిన్న పుల్లీ మీద పట్టు ఏడు పళ్లే. దాటకేం చేస్తుంది?

మందు అప్పర్ డెక్. 2.5 మి.మీ. ఫైబర్‌గ్లాస్ పట్టీని బెల్టుకి కాస్త పైన, ముందు హౌసింగ్‌నీ వెనక గేర్‌బాక్స్‌నీ కలుపుతూ చెరో రెండు ఎం3 బోల్టులతో వేస్తే చప్పుడు పోయింది. ఒక్కో చివర ఒక్క బోల్టే వేస్తే అది తలుపు మడతబందులా ఆడుతుంది. టాప్ షాఫ్ట్ బయటి కొసకి కూడా ఆ పట్టీ నుంచే ఒక చిన్న పలక దించి బేరింగు ఇవ్వాలి. టెన్షన్ రోలర్ పైవరస మీద, చిన్న పుల్లీకి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే లాగేటప్పుడు వదులయ్యేది పైవరసే. రోలర్‌గా 623 బేరింగుని నేరుగా ఆనిస్తే 10 మి.మీ. వంపుకి బెల్టు లోపలి నూలు త్వరగా అలిసిపోతుంది. దాని మీద డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) రింగు వేసి 18 మి.మీ. చేసుకోండి.

వన్-వే మీద పైన అంత మెచ్చుకోలు ఉన్నా, బ్రేకు సంగతి వేరు. బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. పొడి మట్టి మీద మలుపులో బ్రేకు తగిలితే బండి గిర్రున తిరుగుతుంది. ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టె) బ్రేకు బలం సగానికి తగ్గించాకే నడపబుద్ధేసింది. రివర్స్‌లో ముందు చక్రాలకు లాగుడు ఉండదు, గుంతలో ఇరుక్కుంటే మళ్లీ టూ వీల్ డ్రైవే. గ్రీజు పెడితే రోలర్లు ఆలస్యంగా పట్టి కుదుపు వస్తుంది, పల్చని నూనె ఒక్క చుక్క చాలు. దుమ్ములో దాన్ని తరచూ కడగాలి, ‘గొడవ లేదు’ అన్న మాట అంతవరకే చెల్లుతుంది.

పట్టున్న గట్టి నేల, లేత్ అందుబాటు, బ్రేకు కంటే థ్రాటిల్‌తో మలుపు తీసుకునే అలవాటు, ఈ మూడూ ఉన్నవాళ్లకి ఇదే చెబుతాను. చివరి క్షణంలో బ్రేకు కొట్టేవాళ్లు ముందు చక్రాలకి బాల్ డిఫ్ (గేర్ల బదులు బంతులతో పనిచేసే డిఫరెన్షియల్) పెట్టుకోవడమే నయం. అలా చేస్తే బ్రేకులో కింది వరస వదులవుతుంది కాబట్టి అక్కడ రెండో రోలర్ కావాలి, దానికి చోటు, బెల్టుకి దారి ఇవ్వడానికి బ్యాటరీని పక్కకి జరిపేటప్పుడే వదిలిపెట్టుకోండి.