ఆ క్లీనర్ ప్రోగ్రామ్ కొనేముందు ఇది చదవండి

మీ కంప్యూటర్‌లో వందల లోపాలున్నాయంటూ తెర మీద ఎర్రటి పెట్టె వచ్చి, వాటిని శుభ్రం చేసే క్లీనర్ ప్రోగ్రామ్‌కి డబ్బు అడిగితే, దయచేసి కార్డు బయటికి తీయకండి. కంగారులో నేను తీశాను. డబ్బు పోయింది, అసలు జబ్బు అలాగే ఉండిపోయింది.

మొదట్లో అన్నీ చిన్న తేడాలే. ఎవరూ వాడకపోయినా ఫ్యాన్ హోరుమనేది. బ్రౌజర్ తెరిస్తే ఎప్పుడూ చూడని సెర్చ్ పేజీ వచ్చేది, మార్చి పెట్టినా మర్నాటికి మళ్లీ అదే. లాగిన్ అవగానే ఒక నల్లటి విండో రెప్పపాటు కనిపించి మాయమయ్యేది. అసలు గుట్టు అందులోనే ఉందని అప్పుడు తట్టలేదు.

ఆ టెన్షన్‌లో ఉండగా ఈ క్లీనర్ ప్రకటన కంటపడింది. ఉచిత స్కాన్ అన్నారు. నిమిషం తిరక్కుండానే 1,300కు పైగా లోపాలు చూపించింది, తీసేయాలంటే మాత్రం డబ్బు కట్టాలట. కట్టాను. అన్నిటికీ పచ్చ టిక్కులు పడ్డాయి. మర్నాడు చూస్తే ఫ్యాన్ హోరు, సెర్చ్ పేజీ, నల్ల విండో, ఏదీ పోలేదు.

అప్పుడు ఆ లోపాల జాబితా విప్పి చూశాను. దాదాపు అన్నీ బ్రౌజర్ కుకీలు (వెబ్‌సైట్లు దాచుకునే చిన్న ఫైళ్లు), తాత్కాలిక ఫైళ్లు, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత ఎంట్రీలు. ఇలాంటివి ఏ కంప్యూటర్‌లోనైనా ఉంటాయి. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. భయపెట్టి కొనిపించే ఇలాంటి ప్రోగ్రాములను 2018 మార్చి 1 నుంచి అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా గుర్తించి తొలగిస్తామని కూడా ప్రకటించింది. ఈ మాట ముందే తెలిసుంటే కొనేదాన్నే కాదు.

చివరికి దొంగను పట్టించింది విండోస్‌లో ఉన్న టాస్క్ మేనేజరే, అంటే ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించేది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సీపీయూని, అంటే కంప్యూటర్ ప్రాసెసర్‌ని, ఎక్కువగా తింటున్న పేరు చూసి మొదట విండోస్‌దేలే అనుకున్నాను. మళ్లీ అక్షరం అక్షరం చదివాను. విండోస్ సొంత ఫైలు పేరు ఎస్‌వీసీహోస్ట్. నా కంప్యూటర్‌లో నడుస్తున్నది ఎస్‌సీవీహోస్ట్. రెండు అక్షరాలు తారుమారు, అంతే! రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే, విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32కి బదులు, యాప్‌లు తమ డేటా పెట్టుకునే యాప్‌డేటా లోపల రోమింగ్‌లో, అర్థంలేని పేరున్న ఫోల్డర్‌కి తీసుకెళ్లింది. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్, అంటే ఫైలు ఎవరు తయారుచేశారో చెప్పే ముద్ర, లేనే లేదు. ఆ ఫైలును, ఒకేసారి చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో పెడితే చాలా యాంటీవైరస్‌లు ఎర్రగా చూపించాయి.

డిలీట్ చేశాను. రీస్టార్ట్ చేయగానే మళ్లీ వచ్చి కూర్చుంది. అక్కడే ఓపిక సగం చచ్చింది. తర్వాత, పనులను వాటంతటవే మొదలయ్యేలా పెట్టుకునే విండోస్ టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే, అప్‌డేట్ అనే అమాయకమైన పేరుతో ఒక పని కనిపించింది. లాగిన్ అయిన ప్రతిసారీ ఆ ఫైలును ఇంటర్నెట్ నుంచి మళ్లీ దించుతోంది. నల్ల విండో మెరుపు దానిదే.

కాబట్టి ముందు ఇంటర్నెట్ తీసేయండి. షెడ్యూలర్‌లోని పనిని తొలగించి, ప్రోగ్రామ్‌ను ఆపి, ఆ తర్వాతే ఫైలు డిలీట్ చేయండి. ఈ వరస తప్పితే చేసిందంతా వృథా. బ్రౌజర్‌లో మీరు పెట్టని ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) కూడా తీసేయండి. ఆఖరున విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా మొదలవకముందే వెతుకుతుంది, సుమారు 15 నిమిషాలు పడుతుంది.

ఎలా దూరిందో తెలియాలంటే, ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ల జాబితాను తేదీ ప్రకారం పేర్చి చూడండి. తేడా మొదలైన రోజే నేను ఒక ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ వేసుకున్నాను, చదవకుండా నెక్స్ట్ నొక్కుకుంటూ పోయాను. అదే మోసుకొచ్చింది. విండోస్ సెక్యూరిటీలోని యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో అవాంఛిత యాప్‌లను అడ్డుకునే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఇప్పటికే ఆ క్లీనర్ కొన్నవాళ్లు ఉంటే, అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన చెల్లింపు ఆగదు. నాకు ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందని బ్యాంకు మెసేజ్ వచ్చాకే తెలిసింది. ఖాతాలోకి వెళ్లి దాన్ని రద్దు చేసి, కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకున్నాను. పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చాను, ఆ కంప్యూటర్ నుంచి కాదు.