శిక్షణ ఫలితం తేల్చేది ఏది: క్లాసు పరిశీలనా, పిల్లల నోటుబుక్కా?

స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిసిన గుంపు) మీటింగులో టీ తాగేటప్పుడు ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు: "తెలుగు టీచర్లకు ఇన్ని ట్రైనింగులు ఇస్తున్నారే, ఏడాది తర్వాత మిగిలిందెంతో ఎట్టా తెలుస్తుంది సార్?" కావలి దగ్గర మా కాంప్లెక్సులో ఈ ఏడాది అది తేల్చే పని నా మీదే పడింది.

ఆఖరి రోజు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి తెలిసిందే. బస్సు టైమైతే అందరం 'చాలా బాగుంది' మీదే టిక్కు పెడతాం. శిక్షణ ఫలితాన్ని కొలవడానికి కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసరు 1959లో చెప్పిన నాలుగు మెట్లలో అది మొదటిది. దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో టీచర్ల శిక్షణ కోర్సు నిష్ఠా చివర ఇచ్చే క్విజ్ రెండోది. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు చెప్పిన ఏడాదికి 50 గంటల శిక్షణ లెక్కకు పనికొస్తుంది, అంతే.

క్లాసులో కూర్చుని చూసే పరిశీలన మూడో మెట్టు. ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగారు, వెనక బెంచీ నోరు తెరిచిందా అన్నవి అక్కడే కనపడతాయి. కానీ కబురు ముందే వెళ్తుంది. నేను వెళ్లే రోజు గోడల మీద చార్టులు కొత్తగా ఉంటాయి. పైగా చూసేది నేను, చెప్పేది నా పాత స్నేహితుడు. మొహమాటం.

నాలుగో మెట్టు ఫలితం, అంటే పిల్లల నోటుబుక్కు. దానికి మొహమాటం లేదు. శిక్షణకు ముందు, జూన్‌లో, 'మీ ఊరి చెరువు' అంటే ఏడో తరగతి పుస్తకాలన్నిట్లో ఒకటే వాక్యం: "మా ఊరి చెరువు మిక్కిలి అందముగా ఉండును." గైడు వాక్యం. ఫిబ్రవరిలో అదే క్లాసు పిల్ల రాసింది: "చెరువులో నీళ్లు తక్కువుండాయి. మా గేదె బురదలో దిగబడి రాలా." టీచరమ్మ 'ఉండాయి' కింద ఎర్రగీత పెట్టలేదు. పక్కన పెన్సిలుతో "మరి ఎట్టా లాగారు?" అని రాశారు. కింద ఇంకో ఆరు వాక్యాలు, తాడు తెగడంతో సహా.

నేను వెతికేది ఒప్పుల్ని కాదు, తప్పులు పిల్లకో రకంగా ఉన్నాయా అని. అందరిదీ ఒకే ఒప్పయితే అది బోర్డు మీది వాక్యమే.

పిల్లలు ఎలాగూ ఎదుగుతారు కదా, ఇందులో శిక్షణ గొప్పేముంది అంటారు. నిజమే. అందుకే అదే టీచరు దగ్గర నిరుడు చదివిన ఏడో తరగతి ఫిబ్రవరి పేజీలు పక్కన పెట్టుకుని చూడాలి. మాకు నాలుగే దొరికాయి, మిగతావి పాత కాగితాలవాడి తూకానికి పోయాయి. ఈసారి ఏప్రిల్ రాకముందే బీరువాలో కింది అర ఖాళీ చేయించా.