కోంక్‌కు వెళ్లాలా, రొకమదూర్‌కా?

రెండూ నైరుతి ఫ్రాన్స్‌లోని చిన్న యాత్రా గ్రామాలే, కానీ నేల తీరు వేరు. రొకమదూర్ సున్నపురాతి కొండచరియను అంటిపెట్టుకుని, కింద అల్జూ లోయ వైపు వేలాడుతుంది. కోంక్ అడవి వాలు మీద, పలకరాయి కప్పులతో ఒదిగి ఉంటుంది.

రొకమదూర్‌లో నల్ల మేరీమాత గుడికి 216 మెట్లు. మోకాళ్లు నొప్పయితే లిఫ్టు ఉంది. రైల్వే స్టేషన్‌లో దిగితే ఊరు ఎదురుగా ఉంటుందనుకోకండి, సుమారు 4 కిలోమీటర్లు. ఊరంతా ఒకే చూపులో కావాలంటే పొద్దున్నే పైనున్న లోస్పితాలే అనే పల్లె నుంచి చూడాలి. 35 గ్రాముల మేకపాల చీజ్ బిళ్ల మాత్రం వదలొద్దు.

కోంక్ అసలు సంపద, సాధ్వి ఫ్వా పేరున్న సాంత్-ఫ్వా చర్చి. 866లో అజాన్ పట్టణం నుంచి ఆ సాధ్వి అస్థికలు ఇక్కడికి చేరాకే యాత్రికులు పోటెత్తారు. పడమటి ద్వారం మీద అంతిమతీర్పు శిల్పంలో 124 బొమ్మలు. వాటిపై ఎండ పడేది సాయంత్రమే, మధ్యాహ్నం చూసి వెళ్లిపోతే సగమే చూసినట్టు. లోపల చిత్రకారుడు పియెర్ సూలాజ్ 1994లో అమర్చిన 104 కిటికీలకు రంగే లేదు, వెలుతురును బట్టి గాజు ఛాయ మారుతుంది. ఫ్రాన్స్‌లోని ల ప్వీ నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో పుణ్యక్షేత్రానికి వెళ్లే నడకదారి ఈ ఊరి గుండానే సాగుతుంది.

ఒక్క పూటే ఉంటే రొకమదూర్. రాత్రి బస చేయగలిగితే కోంక్.