బ్లాక్ స్పాట్లు బాగుచేయడమా, రిస్కున్న మలుపులన్నీ చూసుకోవడమా: ఏది మేలు?

రాష్ట్రం మొత్తానికి రోడ్డు భద్రత ప్రణాళిక వేసేటప్పుడు ప్రమాదాల డేటాను రెండు రకాలుగా చదవొచ్చు. ప్రమాదాలు గుంపుగా జరిగిన చోట్లు వెతికి అక్కడే డబ్బు పెట్టడం బ్లాక్ స్పాట్ పద్ధతి. ప్రాణాలు పోయే ప్రమాదాలు ఎలాంటి రోడ్ల మీద జరుగుతున్నాయో చూసి, అలాంటి రోడ్లన్నిటికీ చౌకైన పని చేసుకుంటూ పోవడం సిస్టమిక్ పద్ధతి.

బ్లాక్ స్పాట్‌కు లెక్క సులువు. భారత్‌లో జాతీయ రహదారులకు వాడుతున్న నిర్వచనం ఇదీ: సుమారు 500 మీటర్ల నిడివిలో, గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో మరణమో తీవ్రగాయమో జరిగిన ప్రమాదాలు 5, లేదా మొత్తం మరణాలు 10. జనానికి చూపించొచ్చు, పెద్ద ఖర్చుకు సమర్థన దొరుకుతుంది. రద్దీ జంక్షన్లలో ఫలితం కూడా గట్టిగానే ఉంటుంది. రెండువైపులా మాత్రమే స్టాప్ బోర్డు ఉన్న జంక్షన్‌ను రౌండబౌట్‌గా మారిస్తే మరణాలు, గాయాలు ఉండే ప్రమాదాలు 82 శాతం తగ్గుతాయని అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చెప్పే లెక్క.

చిక్కల్లా జాబితా తయారీలోనే. ఒక జంక్షన్‌లో మూడేళ్లలో 9 ప్రమాదాలు జరిగాయనుకుందాం. అందులో కొంత రోడ్డు లోపం, కొంత కాకతాళీయం. ఏమీ చేయకపోయినా తర్వాతి మూడేళ్లలో అంకె తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ తగ్గుదలను మనం వేసిన సిగ్నల్ ఖాతాలో రాసేసుకుంటాం. దీనికి విరుగుడు ఎంపిరికల్ బేయస్ పద్ధతి: జరిగిన అంకెను, అలాంటి చోట్లకు మామూలుగా ఉండాల్సిన అంకెతో కలిపి సవరించడం. అంతే ట్రాఫిక్ ఉన్న అలాంటి జంక్షన్లలో మూడేళ్లకు 4.5 ప్రమాదాలు జరుగుతాయని గణాంక మోడల్ చెప్పిందనుకోండి, దాని ఓవర్‌డిస్పర్షన్ విలువ (ఒకేలాంటి జంక్షన్ల మధ్య అంకెలు ఎంత తేడాగా ఉంటాయో చెప్పేది) 0.4 అనుకోండి. మోడల్‌కిచ్చే తూకం 1 ÷ (1 + 0.4 × 4.5), అంటే 0.36. మిగతా 0.64 జరిగిన అంకెకు. రెండూ కలిపితే 7.4 వస్తుంది. జాబితాలో ర్యాంకు వేయాల్సింది 9తో కాదు, 7.4కీ 4.5కీ మధ్య తేడాతో.

వాహన కిలోమీటరుకు ఇన్ని ప్రమాదాలు అనే రేటుతో ర్యాంకు వేస్తే ఇంకో తిప్ప: ట్రాఫిక్ లేని రోడ్లు పైకెక్కి కూర్చుంటాయి. ప్రమాదాలు ట్రాఫిక్‌తో సమానంగా పెరగవు మరి. లొకేషన్ సంగతి సరేసరి. పోలీసులు స్టేషన్‌కు తిరిగొచ్చాక ఎంట్రీ చేస్తే స్టేషన్ గేటు దగ్గరే బ్లాక్ స్పాట్ పుడుతుంది. రోడ్డును 500 మీటర్ల ముక్కలుగా కోస్తే, గుంపు సరిగ్గా కోత మీద పడి రెండు ముక్కల్లోనూ బ్లాక్ స్పాట్ పరిమితి దాటకుండా తప్పించుకుంటుంది. ముక్కలు కోయకుండా, 500 మీటర్ల కిటికీని 100 మీటర్ల చొప్పున జరుపుతూ వెతకాలి.

ఇక గ్రామీణ రెండు లేన్ల రోడ్లకు వస్తే బ్లాక్ స్పాట్ పద్ధతి దాదాపు చేతులెత్తేస్తుంది. మరణాలు వందల కిలోమీటర్ల మేర చెల్లాచెదురుగా ఉంటాయి, ఈ మలుపులో ఒకటి, ఇరవై కిలోమీటర్ల అవతల ఇంకొకటి. ఇక్కడ సిస్టమిక్ పద్ధతే దిక్కు. అమెరికాలో మిన్నెసోటా కౌంటీల ప్రణాళికల్లో మలుపులకు ఐదు లక్షణాలు చూశారు: ట్రాఫిక్ ఒక పరిధిలో ఉండటం, వ్యాసార్ధం 500 నుంచి 1,200 అడుగులు, మలుపులోనే జంక్షన్, గతంలో తీవ్ర ప్రమాదం, కంటికి ఉచ్చు. చివరిది గమనించదగ్గది. రోడ్డు ఎడమకు తిరుగుతుంది, కరెంటు స్తంభాల వరసో చిన్న దారో నేరుగా పోతుంది. రాత్రిపూట డ్రైవర్ చూపు స్తంభాల వెంట పోతుంది, బండి చూపు వెంట పోతుంది. ఒక్కో లక్షణానికి ఒక్కో మార్కు వేసి, ఎక్కువ మార్కులొచ్చిన మలుపులకు చెవ్రాన్ బోర్డులు (మలుపు దిక్కు చూపే బాణం బోర్డులు), అంచు గీతలు, రంబుల్ స్ట్రిప్‌లు (చక్రం ఎక్కితే చప్పుడు, కుదుపు వచ్చే గాట్లు) వేస్తారు. ఒక్క ప్రమాదం కూడా జరగని మలుపూ జాబితాలోకి వస్తుంది, రావాలి కూడా. మధ్య గీత మీద రంబుల్ స్ట్రిప్‌లు వేస్తే ఇలాంటి రోడ్ల మీద ఎదురెదురు ఢీకొనే మరణ, గాయ ప్రమాదాలు 44 నుంచి 64 శాతం తగ్గుతాయని అదే ఫెడరల్ సంస్థ అంచనా.

దీనికీ ఇబ్బందులున్నాయి. వ్యాసార్ధం, షోల్డర్ (రోడ్డు పక్క అంచు) వెడల్పు, ట్రాఫిక్ లెక్క ఉన్న రోడ్ల జాబితా కావాలి. చిన్న రోడ్లకు అది తరచూ ఉండదు. రంబుల్ స్ట్రిప్ చప్పుడుకు పక్క ఇళ్లవాళ్లు ఊరుకోరు. సైకిళ్లవాళ్లకు మధ్యమధ్యలో ఖాళీలు వదలాలి. గీతల రంగు వెలిసిపోతే పెట్టిన డబ్బూ దాంతోపాటే పోతుంది. పైగా ఫలితం ఏ ఒక్క మలుపులోనూ కనిపించదు, అన్నీ కలిపి కొలవాలి.

నా తూకం సగం సగం కాదు. ముందు మరణం, తీవ్రగాయం ప్రమాదాలను కలిపి ఒకే కుప్ప చేయండి. ఆ రెండింటి మధ్య తేడా చాలాసార్లు సీటు బెల్టు, వయసు, అంబులెన్స్ వచ్చిన సమయం. అందులో బ్లాక్ స్పాట్లలో పడ్డవి నూటికి 15 అయితే, బడ్జెట్‌లో సింహభాగం అక్కడ పోయడానికి అర్థం లేదు. పట్టణ జంక్షన్లకు బేయస్ సవరణతో బ్లాక్ స్పాట్ పద్ధతి, ఊళ్ల మధ్య రోడ్లకు సిస్టమిక్. డేటా బొత్తిగా నమ్మలేని చోట ఐరాప్ (రోడ్ల భద్రతను అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ) స్టార్ రేటింగ్ ఉంది. రోడ్డు లక్షణాలను బట్టి 1 నుంచి 5 నక్షత్రాలు ఇస్తుంది, ప్రమాదాల రికార్డు లేకున్నా నడుస్తుంది.

బ్లాక్ స్పాట్ ఎంచుకున్నా సరే, టెండర్‌కు ముందు ఆ చోటి రిపోర్టులన్నీ తెప్పించి, ఒక్కో ప్రమాదాన్ని బాణం గుర్తులతో జంక్షన్ పటం మీద గీయాలి. బాణాల్లో ఎక్కువ భాగం తడి రోడ్డు మీద వెనకనుంచి గుద్దినవే అయితే అక్కడ సిగ్నల్ పెట్టి లాభం లేదు, రోడ్డు పైపొర పట్టు చూడాలి.