పోర్ట్ గ్లాసులు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు ఎన్ని మి.లీ. పడతాయో అడగండి

యూకేలో ఉన్న మనవాళ్లకి ఒక హెచ్చరిక. క్రిస్మస్ వస్తోందంటే ఆఫీసులో ఎవరో ఒకరు పోర్ట్ (పోర్చుగల్ నుంచి వచ్చే తీపి, ఘాటు వైన్) సీసా చేతిలో పెడతారు, దానికి తగ్గ గ్లాసులు లేవని మనం ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెడతాం. "క్రిస్టల్ పోర్ట్ గ్లాసులు, ఆరు, సంప్రదాయ డిజైన్" అని నల్ల వెల్వెట్ మీద పెట్టి తీసిన ఫొటో కనబడితే కొంచెం ఆగండి. నేను కొన్న పేజీలో ఎత్తు రాశారు, రంగు రాశారు, ఎంత పడుతుందో మాత్రం ఎక్కడా లేదు. మెసేజ్ పెట్టి అడిగితే "స్టాండర్డ్ పోర్ట్ సైజు" అన్నారు.

పార్సిల్ వచ్చాక వంటింటి కొలత కప్పుతో నీళ్లు పోసి చూశాను. అంచుదాకా నింపితే 60 మి.లీ.! దగ్గు మందు సీసా మూతకి కాడ అతికించినట్టుంది. పైగా అంచు బయటికి విచ్చుకుని ఉంది. వాసన నిలవాలంటే అది లోపలికి ఒదిగి ఉండాలి కదా.

ఇక్కడ అమ్మేవాళ్లు ఆడుకునేది ఒక చిన్న గందరగోళం మీద. ద్రాక్షరసం పులుస్తుండగానే 77% ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు కాబట్టి పోర్ట్‌లో ఆల్కహాల్ 20% దాకా ఉంటుంది. అందుకే ఒకసారికి 60, 75 మి.లీ. పోసుకుంటే చాలు. పోసుకునేది కొంచెమే కాబట్టి గ్లాసూ చిన్నదే ఉండాలని చెప్పి లిక్యూర్ (తియ్యటి ఘాటు మద్యం) తాగే బుల్లి గ్లాసులు అంటగడతారు. అంచుదాకా నిండిన గ్లాసుని తిప్పడం కుదరదు, ముక్కుకి వాసన అందదు. ఇరవయ్యేళ్ల టానీ (చెక్క పీపాల్లో మాగబెట్టిన పోర్ట్) కొని, అందులోని అక్రోటు, ఎండు అంజీర వాసన తెలియకుండా తాగడానికా అంత డబ్బు పోసేది?

కొలతలు కావాలంటే వైన్ రుచి చూసి అంచనా వేసేవాళ్లు వాడే, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3591 ప్రకారం చేసిన గ్లాసు ఉంది: మొత్తం 215 మి.లీ. పడుతుంది, ఎత్తు 155 మి.మీ., పొట్ట దగ్గర 65 మి.మీ. వెడల్పు, మూతి దగ్గర 46. ఇది పోర్ట్‌కి బాగా పనికొస్తుంది. పోర్చుగల్‌లో పోర్ట్ వైన్‌ని నియంత్రించే సంస్థ కోసం ఆర్కిటెక్ట్ అల్వారో సీజా 2001లో ఒక గ్లాసు గీశారు. దాని కాడ మీద బొటనవేలు ఆనడానికి చిన్న నొక్కు ఉంటుంది. ఇవేవీ దొరక్కపోతే ఇంట్లో ఉన్న మామూలు వైట్ వైన్ గ్లాసులో మూడో వంతుకన్నా తక్కువ పోసుకోండి, హాయిగా ఉంటుంది.

నాకు అసలు ఒళ్లు మండింది వేరే విషయానికి. పెట్టె అడుగున ఒక స్టిక్కర్: "24% పీబీఓ". అంటే సీసం కలిపిన గాజు. పేజీలో ఆ మాటే లేదు. గ్లాసులో పోసుకుని అప్పటికప్పుడు తాగేస్తే అందులోకి సీసం దిగేది తక్కువే. కానీ అదే షాపు "మ్యాచింగ్ డికాంటర్" (వైన్ పోసి ఉంచే గాజు కూజా) కూడా అమ్ముతోంది. దాని జోలికి వెళ్లకండి. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో లెడ్ క్రిస్టల్ డికాంటర్లలో నాలుగు నెలలుంచిన పోర్ట్‌లో, మొదట లీటరుకి 89 మైక్రోగ్రాములున్న సీసం 2,000 దాటింది. టానీ లాంటి పోర్ట్ తెరిచాక వారాల తరబడి నిలవ ఉంచే రకం కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన సంగతి. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఆ గ్లాసులు అరలోకి కూడా ఎక్కించొద్దు.

వాపసు అడిగితే పోస్టేజీ మీరే కట్టాలన్నారు. నమ్మకండి. షాపు నుంచి ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని, చేతికొచ్చిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. వర్ణించినట్టు లేని సరుకైతే తిరిగి పంపే ఖర్చు కూడా అమ్మినవాళ్లదే. పేజీ స్క్రీన్‌షాట్, మెసేజ్‌లు, స్టిక్కర్ ఫొటో దాచుకోండి. నేను ఇవి బ్యాంకుకి పంపి చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బుని బ్యాంకు ద్వారా వెనక్కి రాబట్టడం) అడిగాను, ఇంకా తేలలేదు.

నిన్న చూస్తే నా ఫిర్యాదు తర్వాత ఆ పేజీ తీసేశారు. అదే నల్ల వెల్వెట్ ఫొటో ఇప్పుడు "షెర్రీ గ్లాసులు" (షెర్రీ అంటే స్పెయిన్ ఘాటు వైన్) పేరుతో ఉంది, ఇంకో మూడు పౌండ్లు ఎక్కువకి.